మహమ్మారి కాలంలో తొలి అక్షరాలు: ఏలూరు – కొల్లేరు ప్రాంతంలో ప్రాథమిక తరగతుల దూరబోధన

సారాంశం: కోవిడ్ కాలంలో ప్రాథమిక విద్యార్థులకు జరిగిన దూరబోధనను ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల జీవన నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. పరికరం ఉన్నదా లేదా అన్నదానికన్నా, పాఠం వేళకు బిడ్డ పక్కన చదువు తెలిసిన పెద్దలు ఉన్నారా అన్నదే తొలి తరగతులకు కీలకమని ఇది ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: దూరబోధన, అక్షరాభ్యాసం, విద్యావారధి, కొల్లేరు లంకలు.

1. ఉపోద్ఘాతం

ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాలలు 2020 మార్చి 19న మూతపడ్డాయి. 1 నుంచి 5 తరగతులు 2021 ఫిబ్రవరి 1న మొదలై, ఏప్రిల్ 20 నుంచి మళ్ళీ ఆగిపోయాయి. ఆగస్టు 16న తిరిగి తెరుచుకున్నాయి. అంటే 2020-21లో ఒకటవ తరగతిలో చేరిన పిల్లలు నిండా మూడు నెలలైనా బడిలో కూర్చోకుండానే రెండవ తరగతికి చేరారు.

2. పరికరాల లెక్క

ప్రభుత్వం ‘విద్యావారధి’ పేరిట దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. విద్యార్థులను మూడు వర్గాలుగా విభజించింది. ఇంటర్నెట్ గల ఫోను ఉన్నవారు హైటెక్, టీవీ లేదా రేడియో మాత్రమే ఉన్నవారు లోటెక్, ఏదీ లేనివారు నోటెక్. ఈ విభజన అవసరమైనదే. అయితే ఇది ఇంట్లోని వస్తువును లెక్కించింది గాని, అది ఏ వేళ ఎవరి చేతిలో ఉంటుందో లెక్కించలేదు. కొల్లేరు లంక గ్రామంలో చేపల చెరువు పనికి వెళ్ళే తండ్రితో పాటు ఇంటిలోని ఒక్క ఫోనూ వెళ్ళిపోతే, ఆ ఇల్లు పట్టికలో హైటెక్, పాఠం వేళకు నోటెక్. ఉల్లిపాయల టోకు వ్యాపారానికి పేరొందిన తాడేపల్లిగూడెంలోని హమాలీ కుటుంబానికైనా, ఏలూరులోని దినకూలీ కుటుంబానికైనా పగటి ప్రసార సమయం పనివేళే.

3. అక్షరాభ్యాస స్వభావం

పై తరగతుల విద్యార్థి విని గ్రహించగలడు. ఒకటవ తరగతిలో చదువు చాలావరకు చేతిపని. ‘ప’కు, ‘వ’కు, ‘మ’కు, ‘య’కు మధ్యనున్న భేదం, గుడికీ గుడిదీర్ఘానికీ ఉన్న తేడా పలకపై దిద్దినప్పుడే స్థిరపడతాయి. బిడ్డ గీత ఎటు తిప్పుతున్నదో ఉపాధ్యాయురాలు చూసి, వేలు పట్టి సరిచేస్తుంది. టీవీ అక్షరాన్ని చూపగలదు, బిడ్డ రాసినదాన్ని చూడలేదు. దిద్దేవారు లేని తప్పు అలవాటుగా మారుతుంది.

4. ఫలితం

గ్రామీణ బాలలపై జరిగే అసర్ సర్వే ప్రకారం, రాష్ట్రంలో రెండవ తరగతి పాఠాన్ని చదవగలిగిన మూడవ తరగతి విద్యార్థులు 2018లో 22.6 శాతం, 2022లో 10.3 శాతం. 2022లో మూడవ తరగతిలో ఉన్నవారిలో అత్యధికులు 2020లో ఒకటవ తరగతిలో చేరినవారే. 2018 నాటి సంఖ్యే తక్కువ కనుక లోపమంతా మహమ్మారిదనడం సరికాదు. ఉన్న లోపాన్ని అది మరింత లోతు చేసింది.

5. ముగింపు

వరదల్లో దారులు మునిగే కొల్లేరు ప్రాంతానికి బడి మూతపడడం మహమ్మారితో ముగిసిన సమస్య కాదు. ఇకముందు చేసే సర్వేలు ‘ఇంట్లో ఏమున్నది?’ అన్న ప్రశ్నతో పాటు ‘ఏ వేళకు, ఎవరి పక్కన?’ అని కూడా అడగాలి. తొలి రెండు తరగతులకు ప్రసారాన్ని అనుబంధంగానే ఉంచి, వాడలో నలుగురైదుగురు పిల్లలను ఒకచోట చేర్చి వారానికి కొన్నిసార్లైనా పలక చూసి దిద్దే ఏర్పాటును ప్రధానం చేయాలి.