మచ్చుకు తగిన సరుకు, గడువుకు అందిన మూట

పుదుచ్చేరి పట్టణంలో పెద్ద మార్కెటు సమీపాన రంగపిళ్ళై వీధి ఉన్నది. ఆ వీధికి పేరునిచ్చిన ఆనందరంగ పిళ్ళై (1709–1761) ఫ్రెంచి కంపెనీకి దుబాసీ. తెలుగువారికి ఆయన పరాయివాడు కాడు. కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ అనే లక్షణ గ్రంథాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. 1736 నుండి పిళ్ళై తమిళంలో వ్రాసుకొన్న దినచర్యను పండితులు రాజకీయ చరిత్ర కొరకు చదువుతారు. గుత్తపనులు చేసేవారు దానిని వ్యాపార పాఠంగా కూడ చదువవచ్చును.

ఆనాడు కంపెనీ తన ఎగుమతి వస్త్రాన్ని ప్రధానంగా ఒప్పందాల మీద సేకరించేది. వర్తకులను పిలిపించి, ధర, పొడవు, వెడల్పు, నేత చిక్కదనం, గడువు నిశ్చయించి బయానా ఇచ్చేది. ఆ బయానా వర్తకుని చేతినుండి మధ్యవర్తులకు, వారినుండి నేతగాండ్రకు చేరేది. సరుకు రాగానే తానులను మచ్చుతో పోల్చి చూసేవారు. తగనిదానిని తిప్పిపంపడమో, ధర తగ్గించడమో జరిగేది.

గడువుకు అంత పట్టింపు ఎందుకంటే, పుదుచ్చేరికి అప్పుడు రక్షితమైన ఓడరేవు లేదు. ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసి నిలిచేవి. మూటలను మసూలా పడవలమీద అలలు దాటించి చేర్చవలసి ఉండేది. అక్టోబరులో ఈశాన్య ఋతుపవనం విరుచుకుపడక మునుపే ఓడలు తీరం విడవవలెను. ఓడ తప్పిన మూట గిడ్డంగిలో పడి ఉండేది; దానిమీద పెట్టిన బయానా సొమ్ము కూడ దానితోపాటే చిక్కుకొనేది. పది దినముల ఆలస్యం నెలల తరబడి పెట్టుబడిని బంధించేది. బ్యాంకు ఋణంతో పని చేసేవారికి ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు.

నాణ్యత విషయంలో ఇంకొక ముచ్చట చెప్పుకోదగినది. 19వ శతాబ్దంలో పుదుచ్చేరి నీలిమందు అద్దకపు గుడ్డ ‘గినీ’ అన్న పేరుతో ఆఫ్రికాలోని సెనెగల్ నదీ ప్రాంతానికి వెళ్ళేది. అక్కడి ఎడారి అంచున తుమ్మజాతి చెట్లనుండి తీసే బంకను కొనడానికి ఈ గుడ్డే నాణెంవలె చెల్లేది. ఐరోపా మిల్లులు దీనికి నకళ్ళు తయారుచేసి పంపినవి. అయినా ఎడారి కొనుగోలుదారులు చేతితో తడిమి, వాసన చూసి, పుదుచ్చేరి అద్దకాన్ని గుర్తుపట్టి అదే కావాలనేవారు. చివరకు గుడ్డ నాణ్యతను నిలుపుటకై 1843లో ఫ్రెంచి ప్రభుత్వం కొలతలు, బరువు నిర్ణయించి, ముద్ర వేయించే పద్ధతి పెట్టినది. ఎవరినీ చూడకుండ సముద్రాలకు ఆవల కూర్చున్న కొనుగోలుదారునికి ఆ తానే సాక్ష్యం. మొదటి తాను ఎట్లుండెనో నూరవ తాను అట్లే ఉండవలెను.

పుదుచ్చేరి పెద్ద మిల్లుల కాలం ముగిసినది. 1898లో స్థాపితమైన ఆంగ్లో-ఫ్రెంచి టెక్స్‌టైల్స్ 2020లో మూతపడినది. తట్టాంచావడి, మేట్టుపాళయం పారిశ్రామిక వాడలలో చిన్న యూనిట్లు ఉన్నవి. పట్టణంలోని హోటళ్ళకు దుప్పట్లు కుట్టేవారు, మోటారు రీవైండింగ్ చేసేవారు, బాహూరు వరిపొలాలకు కోతయంత్రం అద్దెకిచ్చేవారు, పంపుసెట్లు అమ్మి మరమ్మతు కూడ చేసే డీలర్లు, వీరందరికీ జీతం లేదు. తరువాతి ఆర్డరే జీతం.

ఆ తరువాతి ఆర్డరు చౌక ధరవలననే వస్తుందని చాలామంది భావన. మా అభిప్రాయం వేరు. కోతయంత్రం బెల్టు తెగినదనుకొందాం. యజమాని ఆ రాత్రే రైతుకు ఫోను చేసి, “రేపు రాలేనండి, గురువారం ఉదయం వస్తాను, అంతవరకు ఆగలేకపోతే ఫలానా వారి యంత్రం మాట్లాడిపెడతాను” అంటే, ఆ రైతుకు ఒక దినం నష్టమైనా మనిషిమీద గురి పోదు. మబ్బుపట్టిన ఆకాశం క్రింద పండిన చేను పెట్టుకొని, మ్రోగుతూనే ఉన్న ఫోనును చెవికి ఆనించుకొని నిలబడ్డ రైతు మాత్రం మరుసటి పంటకు మరొకరిని వెదకుకొంటాడు. చేయలేని పనికి “కాదు” అని ఆ పూటే చెప్పడం కూడ సేవయే. చేతికందిన ప్రతి ఆర్డరును ఒప్పుకొని, ఒకరి బయానాతో మరొకరి సరుకు కొనే అలవాటు అన్నిటికంటె ప్రమాదకరం. మా అనుభవంలో మంచి పనివాని ఖాతా కూడ వాయిదాలు తప్పేది తరచు అక్కడినుండే.

సేవ చక్కగా చేసినా సొమ్ము ఆలస్యమయ్యే బాధ ఉన్నది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ఇందుకు ఒక ఆసరా. ఉద్యమ్ నమోదు గల సూక్ష్మ, చిన్న సంస్థ సరుకో సేవో అందించినప్పుడు, వ్రాతపూర్వక ఒప్పందం ఉన్నప్పటికి గడువు 45 దినములకు మించరాదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ లెక్కన కొనుగోలుదారు చెల్లించవలెను. వివాదం వస్తే ఫెసిలిటేషన్ కౌన్సిలును ఆశ్రయించవచ్చును. నమోదు ఉచితం; ఒప్పందానికి ముందే చేయించుకొనడం క్షేమం. డీలర్లు ఒక సంగతి గమనించవలెను: కేవలం కొని అమ్మే వర్తకులకు 2021 నుండి ఉద్యమ్ నమోదు లభిస్తున్నది గాని, అది ప్రాధాన్యరంగ ఋణాల నిమిత్తమే, ఆలస్యపు చెల్లింపుల రక్షణ వారికి వర్తించదు.

సరుకు అందిన 15 దినములలో కొనుగోలుదారు వ్రాతపూర్వకంగా అభ్యంతరం తెలుపకపోతే, స్వీకరించినట్లే చట్టం పరిగణిస్తుంది. ఈ లెక్క మొదలయ్యేది సరుకు అందిన తేదీనుండి గనుక, డెలివరీ చలానామీద తేదీ వేయించి, తీసుకొన్నవారి సంతకం అక్కడికక్కడే పెట్టించుకొనవలెను.