గానవిదుషి మేరియన్ ఆండర్సన్

పాశ్చాత్య దేశములలో గాయకులకు ముఖ్యముగా రెండు వేదికలు కలవు. మొదటిది కచేరి. అందు గాయని ఒక్కతెయే నిలువబడి పియానో తోడుగనో, వాద్యబృందము తోడుగనో పాడును. రెండవది ఆపెరా. ఇది సంగీతనాటకము. మన పద్యనాటకములలో పాత్రలు కొంతసేపు మాటలాడి, కొంతసేపు పద్యములు పాడును. ఆపెరాలో సంభాషణము సైతము చాలవరకు పాటగనే సాగును. పాడువారు వేషము ధరించి నటింపవలెను. పెద్ద వాద్యబృందము మ్రోగుచుండగా, ధ్వనివర్ధకముల సాయము లేకయే, తమ కంఠము చిట్టచివరి వరుసలోని వారికి వినబడునట్లు పాడవలెను. ఇటాలియను, జర్మను, ఫ్రెంచి మొదలగు భాషల పాటలను ఉచ్చారణ చెడకుండ పాడుటయు వారి విద్యలో భాగమే. కావున మంచి కంఠము కలిగినంతమాత్రమున ఎవరును గొప్ప గాయకులు కాజాలరు. అమెరికా దేశపు గాయని మేరియన్ ఆండర్సన్ జీవితము ఇందుకు నిదర్శనము.

మేరియన్ 1897వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన ఫిలడెల్ఫియా నగరమున ఒక నల్లజాతి కుటుంబములో జన్మించెను. తండ్రి మంచుగడ్డలను, బొగ్గును అమ్మి సంసారము నడపుచుండెను. ఆయన పనిలో గాయపడి 1910లో మరణించెను. తల్లి పరుల బట్టలుతికి, ఇండ్లలో పాచిపని చేసి, ముగ్గురు కుమార్తెలను పెంచెను.

మేరియన్ ఆరవయేటనే చర్చిలోని బాలగాయక బృందమున చేరెను. స్త్రీల కంఠములలో మిక్కిలి మంద్రమైన దానిని కాంట్రాల్టో అందురు. ఆమెది అట్టి కంఠము. అయినను హెచ్చుస్థాయిలో పాడు స్త్రీల భాగమును, పురుషులు పాడవలసిన భాగములను కూడ ఆమె నేర్చుకొనెను. బృందములో ఎవరు రాకున్నను వారి లోటును తానే తీర్చుచుండెను.

ఆమె ఒక సంగీత పాఠశాలలో చేరగోరి వెళ్ళగా, నల్లజాతివారిని చేర్చుకొనమని చెప్పి పంపివేసిరి. అప్పుడు చర్చికి వచ్చు బీదజనులే తలకొంత వేసికొని ఆమె చదువునకు ధనము కూర్చిరి. ఆ ధనముతో ఆమె జుసెప్పె బొగెట్టి అను గురువునొద్ద శిక్షణము పొందెను.

1924లో ఆమె న్యూయార్కులోని టౌన్ హాలున కచేరి చేసెను. శ్రోతలు పలుచగా వచ్చిరి. ఆమెకు జర్మను భాష రాదనియు, అర్థమెరుగక అక్షరములను మాత్రమే పలుకుచున్నదనియు విమర్శకులు వ్రాసిరి. ఆమె కుంగిపోయి, కొన్ని నెలలపాటు గానమునే విడిచిపెట్టెను. కాని ఆ విమర్శలో సత్యము కలదని ఆమె గ్రహించెను. తల్లి ఓదార్పుతో మరల సాధనకు పూనుకొనెను. 1925లో సుమారు మూడువందలమంది పాల్గొనిన పోటీలో గెలుపొంది, న్యూయార్కు ఫిల్హార్మోనిక్ వాద్యబృందముతో పాడెను. పిమ్మట ఐరోపాఖండమునకు పోయి, జర్మను భాషను ఆ దేశముననే అభ్యసించెను. స్వీడను, ఫిన్లాండు మొదలగు దేశములలో ఆమె కచేరులకు జనులు తండోపతండములుగా వచ్చిరి. 1935లో సాల్జ్‌బర్గు నగరమున ఆమె గానమును విన్న ప్రసిద్ధ వాద్యబృంద నిర్దేశకుడు టోస్కానీని, అట్టి కంఠము నూరేండ్లకొకమారు మాత్రమే వినబడునని ప్రశంసించెను.

ఆ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన ఆమె మరల టౌన్ హాలుననే పాడెను. ఓడ ప్రయాణములో కాలి యెముక విరుగుటచే కాలికి కట్టు వేసియుండిరి. జాలితో ఎవరును మెచ్చుకొనరాదని ఆ కట్టును పొడవైన ఉడుపు మాటున దాచి, నిలువబడియే పాడెను. పదునొకండు సంవత్సరములకు పూర్వము ఆమెను తప్పుపట్టిన నగరమే ఆమెను శిరసా గౌరవించెను.

తనలోని లోపమును ఆమె సాధనచే తొలగించుకొనెను. కాని ఇతరుల అన్యాయమును ఏ సాధన తొలగింపగలదు? 1939లో వాషింగ్టను నగరమున కాన్‌స్టిట్యూషన్ హాలు అను సభాభవనము వారు, ఆమె నల్లజాతి స్త్రీ యగుటచే కచేరికి అనుమతి నిరాకరించిరి. ఆ భవనము ఒక స్త్రీల సంఘమునకు చెందినది. దేశాధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్వెల్టు ఈ అన్యాయమును సహింపక ఆ సంఘమునకు రాజీనామా యిచ్చెను. ప్రభుత్వము లింకను స్మారకమందిరపు మెట్లపై కచేరికి అనుమతించెను. ఏప్రిల్ 9వ తేదీ ఈస్టరు ఆదివారము. చలిగాలి వీచుచుండగా, తెల్లవారును నల్లవారును కలిసి సుమారు 75,000 మంది అక్కడ నిలిచి ఆమె పాటను వినిరి. లక్షలాది జనులు రేడియోలో వినిరి. ఆమె ఎవరిని దూషింపలేదు, పాడెను. చాలినంత ఉత్తరము అదియే అయ్యెను.

ఆపెరా ద్వారము మాత్రము ఆమెకు మిక్కిలి ఆలస్యముగా తెరువబడెను. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఆపెరాశాల 1883లో ప్రారంభమైనది. అచ్చట ముఖ్యపాత్రను ధరించిన మొదటి నల్లజాతి వ్యక్తి మేరియనే. 1955వ సంవత్సరము జనవరి 7వ తేదీన వెర్డీ రచించిన సంగీతనాటకములో ఉల్రికా అను సోదెకత్తె వేషమున ఆమె రంగమెక్కెను. అప్పటికామెకు వయస్సు ఏబదియేడేండ్లు. కంఠములోని యౌవనము గడచిపోయినది. కాని ఆమె తెరచిన త్రోవలో ఇరువది దినములకే రాబర్టు మెక్‌ఫెరిన్ అను గాయకుడును, 1961లో లియొంటీన్ ప్రైస్ అను గాయనియు ప్రవేశించిరి.

1957లో ఆమె ఆసియాఖండమున పర్యటించుచు మన దేశమునకును వచ్చి పాడెను. 1964లో వీడ్కోలు కచేరులను ఆరంభించి, మరుసటి యేట ముగించెను. 1993వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీన తన 96వ యేట పరమపదించెను. ఆ వీడ్కోలు కచేరులలో మొదటిది జరిగిన చోటు, ఒకనాడు ఆమెకు తలుపులు మూసిన కాన్‌స్టిట్యూషన్ హాలే.