పడ్డవాణ్ణి చూస్తే నవ్వెందుకు?

తొలకరి పడితే చాలు, పొలం గట్లు జారుడుబండలవుతాయి. నాట్ల రోజుల్లో నారు కట్ట మోసుకెళ్తున్న మనిషి జారి మడిలో చతికిలబడితే ముందుగా వినిపించేది ‘అయ్యో’ కాదు, పకపక నవ్వు. ఆ తర్వాతే ఎవరో ఒకరు చెయ్యి అందిస్తారు. దెబ్బ తగిలిందా అని అడగడం ఆఖరి వంతు.

నవ్విన వాళ్లంతా చెడ్డవాళ్లా అంటే, కాదు. ఆ మనిషికి అర్ధరాత్రి ఆపద వస్తే పరుగెత్తుకొచ్చేదీ వాళ్లే. మరి నవ్వెందుకు వచ్చినట్లు?

దీని గురించి ఆలోచించిన వారు లేకపోలేదు. ఎదుటివాడి లోపం కంటబడగానే ‘వాడికన్నా నేను మెరుగు’ అనే గర్వం ఒక్కసారిగా పొంగడమే నవ్వు అని ఇంగ్లండు తత్వవేత్త హాబ్స్ 1651లో రాశాడు. దారిన పోయేవాడు కావాలని నేల మీద కూర్చుంటే ఎవరూ నవ్వరు, తూలి కూలబడితేనే నవ్వుతారని 1900లో ఫ్రాన్సు దేశపు బెర్గ్‌సన్ అన్నాడు. అడుగు చూసుకోకుండా యంత్రంలా సాగిపోయాడు కనుక నవ్వు వస్తుందని ఆయన వాదన.

మన పల్లెలకు హాబ్స్ మాటే బాగా అతుకుతుంది. మోతుబరి జారిపడితే వచ్చే నవ్వే వేరు. ఎప్పుడూ పైనుండేవాడు ఒక్క క్షణం కిందికి వచ్చాడన్న సంబరం అది. కాకపోతే అక్కడ ఎవరూ నవ్వరు, రాత్రి అరుగు మీద చెప్పుకొని నవ్వుకుంటారు. కూలి మనిషి పడితే మాత్రం మొహం మీదే నవ్వుతారు!

మయసభలో నేలనుకొని నీటిలో పడ్డ దుర్యోధనుణ్ణి చూసి భీముడు నవ్వాడు, సేవకులూ నవ్వారు. తడిసిన బట్టలు మార్చుకోవడానికి ఎంతసేపు పట్టింది? ఆ నవ్వు మాత్రం జూదం దాకా పోయింది.

ఇప్పుడు చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి. మడిలో నవ్వు ఆ పూటతో పోయేది. వీడియో తీస్తే అది ఊళ్లు తిరుగుతుంది.

అసలు చిక్కు మరొకటి వుంది. నలుగురూ నవ్వుతుంటే పడ్డవాడు సిగ్గుపడి, ‘ఏం కాలేదు’ అంటూ తనూ నవ్వేసి వెళ్లిపోతాడు. సైకిలు మీంచి పడ్డ కుర్రాడికి హేండిలు కొన కడుపులో గట్టిగా తగిలితే పైకి గీత కూడా కనిపించకపోవచ్చు. లోపల కాలేయానికి గాయమై, నొప్పి గంటల తర్వాత బయటపడవచ్చు. తలకు తగిలినవాడు మొదట మామూలుగానే మాట్లాడి, ఆనక వాంతులతో మగతలో పడవచ్చు. అలాంటప్పుడు తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వాకిట్లో పడ్డ ముసలమ్మ లేవలేకపోతే తుంటి ఎముక విరిగి వుండవచ్చు. చేతులు పట్టి లాగి నిలబెట్టకూడదు. కదల్చకుండా వుంచి 108కి ఫోను చెయ్యాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో మొదలైన ఈ అంబులెన్సుకు డబ్బు కట్టనక్కరలేదు.