కాలు పోయినా సైకిలు ఆగలేదు

ఆపరేషన్ చేసి కాలు తీసివేయాలి అని డాక్టరుగారు చెప్పగానే ఇంటిల్లిపాదీ కుప్పకూలిపోతారు. "ఇక మావాడి బతుకు మంచం మీదేనా సిస్టర్?" అని అడుగుతారు. అలా అడిగే ప్రతి ఒక్కరూ ఈ సంగతి తెలుసుకోవాలి.

హైదరాబాదుకు చెందిన ఆదిత్య మెహతా మోటారు సైకిలు మీద వెళ్తుండగా బస్సు ఢీకొని కుడికాలు పోగొట్టుకున్నారు. తరువాత సైకిలు తొక్కడం సాధన చేసి, 2013లో ఢిల్లీలో జరిగిన ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజత పతకాలు గెలుచుకున్నారు. అంతటితో ఆగక తన పేరుతోనే ఒక ఫౌండేషన్ స్థాపించారు. విధి నిర్వహణలో కాళ్లు చేతులు కోల్పోయిన బి.ఎస్.ఎఫ్., సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లకు అక్కడ సైకిలు శిక్షణ ఇస్తున్నారు. 2020లో అలాంటివారితో సహా సుమారు 30 మంది కాశ్మీరు నుండి కన్యాకుమారి వరకు, దాదాపు 3,800 కిలోమీటర్లు యాత్ర చేశారు. దివ్యాంగ క్రీడాకారుల కోసం విరాళాలు సేకరించడమే ఆ యాత్ర ఉద్దేశం. ఒకప్పుడు ఇతరుల సాయంతో లేచి కూర్చున్నవారే ఇతరులకు సాయం చేయడానికి బయలుదేరారన్న మాట.

ఇది ఎలా సాధ్యమైంది? ధైర్యం ఒక్కటే చాలదు. ఆపరేషన్ తరువాత మొదటి కొన్ని వారాల్లో జరిగే సంరక్షణ చాలా ముఖ్యం. అది మీ చేతుల్లోనే ఉంది.

ప్రేమతో చేసే పొరపాటు

నొప్పిగా ఉంటుందని మిగిలిన కాలి కింద దిండు పెడతారు. దయచేసి అలా చేయకండి. కాలు రోజుల తరబడి వంగి ఉంటే తుంటి, మోకాలి కీళ్లు ఆ వంపులోనే బిగుసుకుపోతాయి. అప్పుడు కృత్రిమ కాలు అమర్చినా నిటారుగా నిలబడలేరు. మంచం అంచున కాలు వేలాడదీసి గంటల తరబడి కూర్చోనివ్వవద్దు. డాక్టరుగారు సరేనన్న తరువాత రోజుకు రెండు మూడుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున బోర్లా పడుకోబెట్టండి.

ఇంటి దగ్గర జాగ్రత్తలు

1. వాపు తగ్గి కాలు సరైన ఆకారానికి రావడానికి క్రేప్ బ్యాండేజి కడతాము. డిశ్చార్జికి ముందే కట్టే పద్ధతి మా దగ్గర నేర్చుకోండి. కింద బిగువుగా, పైకి వెళ్లేకొద్దీ వదులుగా ఉండాలి.

2. గాయం మానిన తరువాత రోజూ రాత్రి సబ్బుతో కడిగి, పొడిబట్టతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. మన కోనసీమ ఉక్కకు చెమట ఎక్కువ, చర్మం త్వరగా ఒరుస్తుంది. కింది భాగాన్ని చేతి అద్దంలో చూపించండి. ఎరుపు, పుండు, చీము, జ్వరం కనిపిస్తే వెంటనే తీసుకురండి.

3. పసర్లు, పసుపు, బూడిద పూయవద్దు. షుగరు ఉన్నవారు రెండో కాలిని కూడా రోజూ పరీక్షించుకోవాలి.

"లేని కాలు నొప్పి పుడుతోంది"

రోగి ఇలా అంటే భ్రమ అనుకోవద్దు, గాలి సోకిందనీ భయపడవద్దు. కాలు పోయినా ఆ కాలికి సంబంధించిన నరాలు, మెదడులోని భాగం పనిచేస్తూనే ఉంటాయి. అందుకే నొప్పి నిజంగానే తెలుస్తుంది. దీనికి మందులు, అద్దంతో చేయించే వ్యాయామాలు ఉన్నాయి. దాచుకోకుండా చెప్పమనండి.

మళ్లీ సైకిలు ఎప్పుడు?

పుండు పూర్తిగా మాని, వాపు తగ్గాక కృత్రిమ కాలు అమర్చుతారు. మొదటి నెలల్లో మొండి కాలు సన్నబడుతుంది కాబట్టి కాలు వదులైతే మళ్లీ సరిచేయించాలి. 1968లో జైపూరులో రూపొందిన కాలు మన ప్రాంతంలోనూ చాలామందికి తెలిసినదే. దానితో గొంతుకు కూర్చోవచ్చు, పొలం గట్టున నడవవచ్చు.

నడక కుదిరిన తరువాత ఫిజియోథెరపిస్టు చెప్పినప్పుడు ముందు కదలని సైకిలు తొక్కించాలి. సీటు మీద కూర్చుంటే శరీర బరువు కాలి మీద పెద్దగా పడదు. తొడ కండరాలు, గుండె బలపడతాయి. ఆ తరువాతే కాలువ గట్టు మీదకు! పాదం జారకుండా పెడలుకు పట్టీ వేయించండి, పక్కన ఒకరు ఉండండి. గుండె జబ్బు ఉన్నవారు తప్పక డాక్టరును అడగాలి.

కన్యాకుమారి దాకా అందరూ వెళ్లనక్కరలేదు. మీవాడు తన సైకిలు మీద తానే బజారుకు వెళ్లి కూరగాయలు తెచ్చిన రోజు, అదే అతని యాత్ర. ఈ రోజు ఆ దిండు తీసివేయండి. యాత్ర అక్కడి నుండే మొదలవుతుంది.