గడియారమును నమ్మని లెక్క

రాయదుర్గమున జీన్సు ప్యాంట్లు కుట్టు కార్ఖానాలలో గాని, ధర్మవరపు పట్టుచీరల దుకాణములలో గాని, పది పదునైదు కంప్యూటర్లున్న చోట, లెక్కలు వ్రాయువారి బల్ల ప్రక్కన, యూపీఎస్ పెట్టెకు ఆనుకొని, చల్లగాలి చాలీచాలని మూలలో ఒక సర్వరు ఉండుట పాఠకులెరిగినదే. టాలీ అందులోనే, బిల్లుల ఫైళ్లందులోనే, ప్రింటర్ల వరుస అందులోనే, ఉదయమున వచ్చిన గుమాస్తా పాస్‌వర్డు కొట్టినంతనే ‘ఇతడు మనవాడే’ అని ఒప్పుకొనునదియు అదియే. అది పాతబడినదని యజమాని క్రొత్తది కొనదలచినప్పుడు ర్యాము ఎంత, డిస్కులెన్ని అని విచారింపని వారుండరు. ఆ పెట్టె మోయుచున్న పనులలో ఏవి పలువురు పంచుకొనదగినవో, ఏవి ఒక్కరి చేతనే ఉండదగినవో విచారించువారు మాత్రము అరుదు.

గుమాస్తాను గుర్తించు అట్టి సర్వర్లకు డొమైన్ కంట్రోలర్లని పేరు. అనంతపురమున నెట్‌వర్కుల పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, “సార్, డొమైన్ కంట్రోలర్లు రెండు పెడితే రెండూ సమానమే అంటిరి. మళ్ల ఐదు పనులు మాత్రం ఒకదానికే అంటిరి. సమానమైతే ఈ ఐదేంది సార్?” అని అడిగెను. దీనికి సమాధానము చెప్పవలెనన్నచో ముప్పది యేండ్లనాటి స్పర్ధ నొకదానిని విప్పిచెప్పక తప్పదు.

అమెరికాలో యూటా రాష్ట్రమునందలి నోవెల్ సంస్థ వారి నెట్‌వేర్ అను సర్వరు సాఫ్ట్‌వేరు ఆనాడు కార్యాలయములకు చక్రవర్తి. అయినను అందులో ప్రతి సర్వరునకును తనదే యైన పేర్ల పట్టిక యుండెడిది. సర్వర్లు మూడున్నచో ఒకే మనిషిని ముమ్మారు నమోదు చేయవలసి వచ్చెడిది. 1993లో వచ్చిన నెట్‌వేర్ 4 ఈ పట్టికల నన్నిటిని ఒకే గ్రంథముగా కూర్చి, దాని ప్రతులను పలు సర్వర్లలో నుంచి, ఎక్కడనుండియైనను వ్రాయుటకు వీలు కల్పించెను. అదే యేట వెలువడిన మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఎన్‌టీలో ప్రధాన కంట్రోలరు ఒక్కటియే. వ్రాత యంతయు దానియందే జరుగును, తక్కినవి దానిని చూచి వ్రాసికొనును. ప్రధానము కూలినచో లోనికి ప్రవేశింపవచ్చును గాని పాస్‌వర్డు మార్చుకొనరాదు. ఆ ఎన్‌టీ గుణములను సాఫ్ట్‌వేరు రచయితలకు వివరించి ఒప్పించుటకు 1992లో ఆ సంస్థలో చేరిన యువకులలో సత్య నాదెళ్ల యొకడు; ఆయన తండ్రి, ఐఏఎస్ అధికారియైన బి. ఎన్. యుగంధర్, మన యల్లనూరు మండలమునందలి బుక్కాపురము వారు. 2000వ సంవత్సరమున యాక్టివ్ డైరెక్టరీ అను తన గ్రంథముతో మైక్రోసాఫ్ట్ కూడ ఎక్కడనైనను వ్రాయవచ్చునను మార్గమునకు వచ్చెను.

ఎక్కడనైనను వ్రాయవచ్చునన్న మాటలోనే చిక్కంతయు దాగియున్నది. అనంతపురమునందలి సర్వరులో ఒకరును, హిందూపురపు శాఖలోని సర్వరులో వేరొకరును ఒకే గుమాస్తా ఫోను సంఖ్యను ఒకే నిమిషమున రెండు విధములుగా మార్చినచో, ఏది నిలువవలెను? నోవెల్ వారు గడియారమును నమ్మిరి. ప్రతి మార్పునకును కాలముద్ర వేసి, కడపటిది నిలుచునని విధించిరి. కనుక సర్వర్లన్నియు ఒకే కాలమును పాటింపవలసి వచ్చెను, అందుకై వానిలో కొన్నిటిని కాలదాతలుగా నియమింపవలసి వచ్చెను. ఏ సర్వరు గడియారమైనను పొరపాటున ముందునకు పరుగెత్తి, ఆ తరువాత వెనుకకు దిద్దబడినచో, నిజమైన కాలము తన్ను అందుకొనువరకు ఆ సర్వరు తానే కల్పించిన కృత్రిమ కాలమును ముద్రలుగా వేయుచుండెడిది.

మైక్రోసాఫ్ట్ వారు లెక్కను నమ్మిరి. ఇందలి చమత్కారము నన్నెప్పుడును విసిగింపలేదు. ప్రతి కంట్రోలరునకును 64 బిట్ల స్వంత లెక్క యొకటి యుండును. తనలో ఏ మార్పు జరిగినను ఆ లెక్క ఒకటి పెరుగును. అది వెనుకకు పోదు. హిందూపురము వచ్చి అనంతపురమును అడుగునది ఇంతయే: ‘నీ లెక్కలో 4210 వరకు నేను చూచితిని, ఆ పైవి ఇమ్ము.’ గంట యెంతయైనదని ఎవరును ఎవరినీ అడుగనక్కరలేదు. మూడవ సర్వరు ఉన్నచో ఒకే మార్పు రెండు దారులలో వచ్చు ప్రమాదము కలదు గదా. అందులకై, ఎవరియందు పుట్టిన మార్పులను ఎంతవరకు పొందితినో తెలుపు పట్టిక నొకదానిని ప్రతి సర్వరును తన వెంట నుంచుకొనును. ఒకే అంశమును ఇద్దరు మార్చినప్పుడు, ఆ అంశము ఎన్నిమార్లు మారినదో ఆ సంఖ్య అధికముగా నున్నది గెలుచును; సంఖ్యలు సమానమైనప్పుడే గడియారమును పిలుతురు; అదియు సమానమైనచో సర్వరు గుర్తింపు సంఖ్యలను పోల్చి తీర్పు చెప్పుదురు. కాలము ఇచట రెండవ సాక్షి మాత్రమే.

అయినను కొన్ని తగవులు జరిగిన పిమ్మట తీర్చుటకు వీలులేనివి. క్రొత్త ఉద్యోగిని చేర్చినప్పుడు అతనికొక సంఖ్య కలుగును. ఫైళ్లపై అధికారములన్నియు పేరునకు గాక ఆ సంఖ్యకే ముడిపడియుండును. రెండు సర్వర్లు ఇద్దరు మనుష్యులకు ఒకే సంఖ్య నిచ్చినచో ఒకరి జీతపు పట్టీలు మరియొకరికి తెరచుకొనును. కావున సంఖ్యలను ఐదువందల చొప్పున కట్టలు కట్టి పంచు రిడ్ మాస్టరు పదవి ఒక్కనికే ఈయబడినది. మన ప్రాంతమున చెరువునకు తూములెన్ని యున్నను నీరు వదలు నీరుగంటి ఒక్కడే యగుటకు గల కారణమే దీనికిని కారణము: కొరతగల దానిని పంచునప్పుడు సమానులిద్దరు పంచినచో పంపకము చెడును. ఆ కట్ట చేతనున్నంతవరకు ప్రతి కంట్రోలరును ఎవరినీ అడుగక క్రొత్తవారిని చేర్చుకొనును; నీరుగంటి ఒకపూట లేకున్నను పని ఆగదు. గ్రంథపు ఆకృతిని మార్చు పదవి, క్రొత్త డొమైనులకు పేరు పెట్టు పదవి, ఇతర డొమైనుల సభ్యుల పేర్లను సరిచూచు పదవి ఇట్టివే. ఐదవది పాత ప్రధాన కంట్రోలరు వేషము ధరించునది. మారిన పాస్‌వర్డులు మొదట దాని చెవిని పడును, డొమైను కాలమునకు అదియే మూలము. గుర్తింపు పత్రములనిచ్చు కెర్బెరోస్ పద్ధతి సాధారణముగా ఐదు నిమిషములకు మించిన కాలభేదమును సహింపదు గనుక, ముందు వాకిట వెడలగొట్టబడిన గడియారము ఇట్లు దొడ్డిదారిన తిరిగి ప్రవేశించినది.

ఈ లెక్క నెరిగిన వానికి, వేసవిలో కరెంటు పోయి వచ్చుచుండు మన యూళ్లలో తరచుగా జరుగు ఒక వైద్యము భయంకరముగా తోచును. డిస్కు చెడినంతనే, నెలక్రితపు నకలును తెచ్చి కంట్రోలరును యథాతథముగా బ్రతికింతురు. దాని లెక్క 5000 నుండి 4000 లకు దిగజారును. అది క్రొత్త మార్పులకు 4001, 4002 అని మరల సంఖ్యలు వేయును. తోటి సర్వరు ‘ఇవి నేనెప్పుడో చూచినవే’ అని ఒక్కటియు గైకొనదు. లోపము వెంటనే బయటపడకపోవచ్చును; రెండు గ్రంథములు మెల్లగా వేరువేరు కథలు చెప్పసాగును. విండోస్ సర్వర్ 2012లో దీనికి విరుగుడు దొరకెను: వర్చువల్ యంత్రమునకు, అనగా ఒక పెట్టెలో సాఫ్ట్‌వేరు కల్పించు యంత్రమునకు, ఒక జన్మసంఖ్య నిచ్చి, నకలునుండి మరల పుట్టినచో అది మారునట్లు చేసిరి, అది మారినదని చూచినంతనే కంట్రోలరు తన పాత గుర్తింపును విడిచి, చేతనున్న సంఖ్యల కట్టను పారవైచి, క్రొత్తవానివలె ప్రారంభించును.

తరువాతి కథ సంక్షిప్తము. చిన్న వ్యాపారులకై 1997లో వచ్చిన స్మాల్ బిజినెస్ సర్వరు అన్ని పనులను ఒకే పెట్టెలో నింపి, యాక్టివ్ డైరెక్టరీ వచ్చిన పిదప ఐదు పదవులును తనకే ఉండవలెనని పట్టుబట్టి, 2011నాటి కూర్పుతో అంతరించెను. 2012 చివర సాంబా 4 అను సాఫ్ట్‌వేరు ఉచితముగానే డొమైను కంట్రోలరు కాగలిగెను. 2014లో నాదెళ్ల అధిపతియైన పిమ్మట సంస్థ దృష్టి క్లౌడు వైపు మరింతగా మరలినది. నేడు కొందరు కార్ఖానాదారులు పెట్టెనే కొనక నెలవారీ చందా కట్టుచున్నారు.

పెట్టె కొనువారు చేయవలసినది కొంచెమే. కంట్రోలర్లు రెండుండవలెను, అవి రెండు వేరువేరు యంత్రములపై నుండవలెను. పేర్లను చిరునామాలుగా మార్చు డీఎన్ఎస్ రెంటియందును ఉండవలెను. ఐపీ చిరునామాలు పంచు డీహెచ్‌సీపీ రెండుచోట్ల నడచునప్పుడు, ఒకే చిరునామా ఇద్దరికి పోకుండునట్లు నూటికి ఎనుబది, ఇరువది పాళ్లుగా విభజించుట పూర్వాచారము. క్రొత్త కూర్పులలో రెండును మాటలాడుకొని పంచును. ఒక డొమైను మాత్రమే యున్న చిన్న కార్యాలయమున ఐదు పదవులును ఒకే కంట్రోలరున నుండుట దోషము కాదు. టాలీయు ఫైళ్లును మాత్రము వేరొక వర్చువల్ యంత్రమునకు పంపవలెను. విండోస్ సర్వర్ స్టాండర్డ్ లైసెన్సు అట్టివి రెంటికి అనుమతి నిచ్చును.

మార్పిడికిని ఒక క్రమము కలదు. క్రొత్త కంట్రోలరు చేరి లెక్కలు కుదిరిన పిదప పదవులను మర్యాదగా బదిలీ చేయవలెను. పాతది చచ్చినప్పుడు మాత్రమే బలవంతముగా లాగికొనవలెను, అట్లు లాగికొన్న పిమ్మట దానిని మరల నెట్‌వర్కులోనికి రానీయరాదు. బదిలీ యైన తరువాత పాతదానిని కొన్ని దినములు ఆపి చూడవలెను. ఆ దినములలో ఏ గుమాస్తాయు “లాగిన్ కావడంలేదు సార్” అని పరుగెత్తి రాకున్నచో, దానిని మరల వెలిగించి, నియమప్రకారము పదవినుండి తొలగించి, నిశ్చింతగా పాత సామానులవానికి అమ్మివేయవచ్చును.