చందమామ మీద దిగుతుంటే... పదిమందితో కలిసి చూడండి!

ఏదైనా సరే మొబైల్‌లో లైవ్ చూసుకునే రోజులివి. అలాంటప్పుడు ఒక ల్యాండింగ్ కోసం పదిమందీ ఒకచోట చేరడం దేనికి? 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగుతుంటే ఇస్రో యూట్యూబ్ ఛానల్‌ని ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. అయినా బడుల్లో, కాలేజీ ఆడిటోరియాల్లో తెరలు పెట్టుకుని మరీ కలిసి చూసినవాళ్లకు లెక్కలేదు. హైదరాబాద్‌లో మేమూ మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఓ తెల్ల దుప్పటి కట్టి, అద్దెకు తెచ్చిన ప్రొజెక్టర్ పెట్టాం.

మాది అంతరిక్షం పిచ్చి ఉన్న చిన్న గుంపు. నాలాంటి సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు నలుగురు, రిటైరైన ఫిజిక్స్ మాస్టారు ఒకరు, బ్యాంకులో పనిచేసే అక్క ఒకరు. ఎక్కడ చూడాలన్నది ఐదు నిమిషాల్లో తేలిపోయింది. పిల్లల్ని పిలవాలా వద్దా అన్న దగ్గరే గట్టి వాదన నడిచింది.

వద్దన్నది బ్యాంకు అక్క. కారణం 2019. ఆ సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండర్ కోసం దేశమంతా మేలుకుని ఉంది. చందమామకు రెండు కిలోమీటర్ల ఎత్తు దాటి కిందికి దిగుతుండగా సిగ్నల్ ఆగిపోయింది. "మా పాప అప్పుడు రెండో క్లాసు. పొద్దున దాకా ఏడుస్తూనే ఉంది. ఈసారి దిగాక రికార్డింగ్ చూపిద్దాం" అంది అక్క. ఆమె భయంలో తప్పేం లేదు. సరిగ్గా నాలుగు రోజుల ముందు, ఆగస్టు 19న, రష్యా పంపిన లూనా-25 చందమామ మీద కూలిపోయింది.

మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. "గెలిచినవే చూపిస్తే, పని ఎలా జరుగుతుందో వీళ్లకి ఎప్పుడు తెలుస్తుందమ్మా?" అన్నారు. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. పిల్లల్ని పిలుద్దాం. కానీ లైవ్ మొదలయ్యే ముందే, ఇది ఎన్ని రకాలుగా చెడిపోవచ్చో దాచకుండా చెప్పేద్దాం.

ఆ చెప్పే పని నా మీద పడింది. ఏం చెప్పానో మీకూ చెప్తాను.

చందమామ మీద గాలి లేదు. అంటే పారాచూట్ పనిచేయదు. సుమారు 30 కిలోమీటర్ల ఎత్తులో, గంటకు దాదాపు 6,000 కిలోమీటర్ల వేగంతో పోతున్న విక్రమ్ ల్యాండర్ తన ఇంజన్లు మండించుకునే ఆగాలి. మొదట పదకొండు నిమిషాలకు పైగా గట్టి బ్రేకు. ఏడున్నర కిలోమీటర్ల దగ్గర కాసేపు తనెక్కడుందో సరిచూసుకోవాలి. తర్వాత మెల్లగా నిటారుగా తిరగాలి. 150 మీటర్ల ఎత్తులో గాల్లో ఆగినట్టు నిలబడి, కింద బండలూ గుంతలూ లేని చోటు వెతుక్కోవాలి. ఇదంతా దానంతటదే చేసుకోవాలి. కంట్రోల్ రూములో ఉన్న సైంటిస్టులు కూడా ఆ ఇరవై నిమిషాలు మనలాగే చూస్తూ కూర్చుంటారు, అంతే. మా ఆఫీసులో రాత్రి పెట్టిన కోడ్ తేడా చేస్తే, పొద్దునకల్లా పాతది తిరిగి పెట్టేస్తాం. అక్కడ ఆ వీలు లేదు. రాసిందేదో ఒక్కసారే నడుస్తుంది.

మరి పోయినసారి ఏమైందన్నా అని అడిగాడు మా వాచ్‌మన్ కొడుకు. అప్పుడు ఐదు ఇంజన్లు అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువ తోశాయి. చిన్న చిన్న తేడాలన్నీ కలిసి పెద్దవయ్యాయి. దిగాల్సిన చోటేమో 500 మీటర్ల చదరం. దాన్ని అందుకోవాలన్న తొందరలో అదుపు తప్పింది. అందుకే ఈసారి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పున్న చోటు ఇచ్చారు. కాళ్లు గట్టిగా చేశారు. ఇంధనం పెంచారు. మధ్య ఇంజను తీసేశారు. వేగాన్ని కొలిచే కొత్త లేజర్ పరికరం పెట్టారు. ఏమేం చెడిపోవచ్చో ముందే రాసుకుని, ఒక్కోదానికీ ఒక్కో జవాబు సిద్ధం చేశారు.

ఇంతలో పళ్లేల నిండా ఉడకబెట్టిన వేరుశనక్కాయలు వచ్చాయి. దానికీ ఓ కథ ఉంది. అమెరికాలో జేపీఎల్ వాళ్లు చందమామ మీదికి పంపిన రేంజర్ నౌకలు వరసగా ఆరు విఫలమయ్యాయి. 1964లో ఏడోదాని సమయంలో కంట్రోల్ రూములో ఎవరో వేరుశనగలు పంచారు. అది సక్సెస్ అయింది. అప్పట్నుంచీ ముఖ్యమైన ఘట్టాల్లో వాళ్లకు వేరుశనగలు ఉండాల్సిందే! మనవాళ్లు ప్రయోగానికి ముందు సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్లొస్తారు. ఎంత లెక్క కట్టినా, చేతిలో లేనిది కొంత మిగిలే ఉంటుంది మరి.

5 గంటల 45 నిమిషాలకు దిగడం మొదలైంది. తెర మీద ఒక గీత, దాని వెంట కదిలే చుక్క. ఎత్తు అంకెలు తగ్గుతున్నకొద్దీ సెల్లార్‌లో మాటలు తగ్గాయి. రెండు కిలోమీటర్లు దాటుతుంటే నేను తెర కాదు, అక్కని చూశాను. పాప చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. 150 మీటర్ల దగ్గర చుక్క నిలబడితే, "చోటు వెతుక్కుంటోంది" అని పాపే తల్లికి ధైర్యం చెప్పింది! 6 గంటల 4 నిమిషాలకు... దిగింది. చప్పట్లకు సెల్లార్ దద్దరిల్లింది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

గోల సద్దుమణిగాక పాప ఒక మాట అడిగింది. "అయితే పోయినసారి చేసిందంతా వేస్టేనా?"

కానే కాదు. చంద్రయాన్-2 ఆర్బిటర్ అప్పట్నుంచీ చందమామ చుట్టూ తిరుగుతూనే ఉంది. అది తీసిన ఫొటోలు చూసే దిగే చోటు ఎంచారు. రెండు రోజుల ముందే విక్రమ్‌తో దానికి మాటలు కలిపారు. ఓడిపోయిందనుకున్న ప్రయోగమే దీనికి దారి చూపించింది. ఈ మాట గెలిచాక చెప్పడం తేలిక. దిగకపోయినా ఇదే చెప్పాలని ముందే అనుకున్నాం. కాబట్టే, ఆ ఇరవై నిమిషాలూ పిల్లలు భయపడ్డారే గానీ బెంబేలు పడలేదు.

కొన్ని గంటల తర్వాత 26 కిలోల ప్రజ్ఞాన్ రోవర్ ఆరు చక్రాల మీద మెల్లగా కిందికి దిగింది. వంద మీటర్లకు పైగా తిరిగింది. నేలలో గంధకం ఉందని తేల్చింది. అక్కడ చీకటి పడుతుంటే నిద్రపుచ్చారు. మళ్లీ పగలొచ్చాక పిలిస్తే పలకలేదు. ఈసారి పాప ఏడవలేదట. "పద్నాలుగు రోజులకే కదమ్మా చేసింది" అందట.

రాబోయే చంద్రయాన్-5లో రోవర్ బరువు 250 కిలోలు ఉంటుందని 2025లో ఇస్రో చెప్పింది. ఆ రోజు మీ వీధిలో కూడా ఓ తెర కట్టండి. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. లైవ్ మొదలయ్యే ముందు ఓ అరగంట, అది ఎందుకు దిగలేకపోవచ్చో చెప్పండి. వేరుశనక్కాయలు మాత్రం మర్చిపోకండి!