సగంలో ఆగిన పెన్సిలు గీతలు

కోల్‌కతా కాలేజ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల దుకాణాల ముందు నిలబడినప్పుడు నాకొక అలవాటు. గ్రంథం చేతికి తీసుకోగానే, పూర్వపు యజమాని గీసిన పెన్సిలు గీతలు ఏ పుటలో ఆగాయో చూస్తాను. తొలి ముప్ఫై, నలభై పుటల్లో వాక్యవాక్యానికీ గీత, అంచున వ్యాఖ్య. ఆపైన చివరి అట్ట వరకు నిర్మలమైన కాగితం. బెంగాలీలు ‘బోయ్ పాడా’ అని, అంటే పుస్తకాల పేట అని, పిలుచుకొనే ఈ వీధిలో ఇటువంటివి కోకొల్లలు. గీత ఆగినంత మాత్రాన చదువు ఆగినట్లు రుజువు కాదని తనిఖీ విభాగపు మిత్రులు ఆక్షేపించవచ్చు. ఒప్పుకొంటాను. అయినా చదువరులకు పేరుపొందిన ఈ నగరంలోనూ సగంలో విరమించినవారు ఉన్నారని తోచి, మనసుకు కొంత ఊరట కలిగింది.

విస్తరిలో వడ్డించినది వదలరాదన్నట్లే, పట్టిన పుస్తకం ముగించనిదే మరొకటి ముట్టరాదని మా నాన్నగారి శాసనం. దానిని నేను మా అబ్బాయిపైనా అమలు జరిపాను. వాడి పదకొండో ఏట నేను ముచ్చటపడి కొన్న ఒక సాహసయాత్రల గ్రంథం వాడికి రుచించలేదు. అది పూర్తిచేస్తేనే క్రొత్తది కొంటానన్నాను. వాడు దానిని పూర్తిచేయలేదు, క్రొత్తదీ అడగలేదు. పుట గుర్తుకోసం పెట్టిన బస్సు టిక్కెట్టు ఈనాటికీ అందులో అక్కడే ఉంది. ఇప్పుడు ఉద్యోగస్థుడైన ఆ అబ్బాయి తన వృత్తికి అవసరమైనవి తప్ప మరేమీ చదవడు. ఇందుకు టెలివిజన్‌ను, మొబైలు ఫోనును నిందించడం సులభం. చాలాకాలం నేను చేసినది అదే.

వృత్తిరీత్యా నాకు ఈ పొరపాటు ముందే తెలిసి ఉండవలసింది. ఒక పథకాన్ని కొనసాగించాలా, విరమించాలా అని నిర్ణయించేటప్పుడు, ఇప్పటికే ఖర్చయి తిరిగిరాని సొమ్మును లెక్కలోనికి తీసుకొనరాదు. ఇకపై పెట్టవలసిన వ్యయాన్ని, ఇకపై రాగల ఫలితాన్ని మాత్రమే తూచాలి. నూటయాభై పుటలు చదివాను గనుక మిగిలిన మూడువందలూ చదివితీరాలనడం, పాడైన పంపుకు ఇదివరకు పదిసార్లు మరమ్మతు చేశాము గనుక పదకొండోసారీ చేద్దామనడం వంటిదే. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో నాల్గవది పాఠకుని కాలాన్ని ఆదా చేయమంటుంది. అది గ్రంథాలయ నిర్వాహకులకు చెప్పినదే అయినా, పాఠకుడు తనకు అన్వయించుకొంటే తప్పులేదు. ఇక్కడి అలీపూర్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఇరవై లక్షలకు పైగా గ్రంథాలున్నాయి. వారానికొకటి చొప్పున యాభై ఏళ్ళు చదివినా మనకు దక్కేవి 2,600. (భద్రతా నియమావళికి ఈ వాదం వర్తించదు. అది నచ్చకపోయినా చివరిదాకా చదవవలసినదే.)

అయితే లెక్క ఇంత సూటిగా తెగదు. విశ్వనాథ సత్యనారాయణగారి బృహన్నవల ‘వేయిపడగలు’ను నా ఇరవై రెండో ఏట వంద పుటలైనా దాటలేక మూసివేశాను. నలభై ఏడో ఏట, బదిలీపై ఈ నగరానికి ఒంటరిగా వచ్చిన తరువాత, మళ్ళీ తెరిచాను. సుబ్బన్నపేట అనే ఊరిలో ఒక సంప్రదాయ జీవనవిధానం క్రమంగా శిథిలమవడం అందలి ఇతివృత్తం. యౌవనంలో విసుగు పుట్టించిన ఆ తీరికైన వర్ణనలే, సొంత ఊరు విడిచివచ్చిన నన్ను రాత్రి ఒంటిగంట వరకు కూర్చోబెట్టాయి. రచయిత అభిప్రాయాలు కొన్నింటితో నేను నేటికీ ఏకీభవించను, అయినా విడువలేదు. ఇరవై రెండో ఏట పంతానికి పోయి పూర్తిచేసి ఉంటే, ‘చదివేశాను’ అన్న తృప్తితో మరల దాని జోలికి పోయేవాడినే కాదు. నచ్చని గ్రంథాన్ని ప్రక్కన పెట్టేటప్పుడు అటకమీద వేయక, కనిపించే అరలోనే ఉంచడం అప్పటినుండి నాకు అలవాటైంది.

మొన్న సెలవులకు మా అబ్బాయి వచ్చినప్పుడు కాలేజ్ స్ట్రీట్‌కు తీసుకువెళ్ళాను. నచ్చినది తీసుకొమ్మని, నచ్చకపోతే మధ్యలో వదిలివేయవచ్చునని కూడా అన్నాను. వాడు నా ముఖంలోకి ఒకసారి చూసి, నవ్వి, ఒక క్రికెట్ ఆటగాడి ఆత్మకథ ఎంచుకొన్నాడు. ఎంతవరకు చదివాడో నేనింకా అడగలేదు.